రెండు వందల మిల్లీమీటర్లు దాటిన వాన

మధ్యాహ్నం భోజనానికి వీధి హోటళ్ళుండే హాకర్ సెంటర్‌కు బయలుదేరుతున్న నిగార్‌ను అనిరుధ్ ఆపాడు. "మేడం, ఈ లైన్‌కి కారణం ఏం రాయమంటారు?"

సింగపూర్‌లోని ఆ సంస్థ వాతావరణాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. అది వాన లెక్కలను ఎలా సరిచేస్తుందో మాన్యువల్‌లో రాయడం అనిరుధ్ పని. కోడ్‌లోని ఆ లైన్ ప్రకారం, ఒక్క రోజులో రెండు వందల మిల్లీమీటర్లు దాటిన వాన అంటే, అది కొలత పరికరం చూపిన తప్పు. ప్రోగ్రాం దాన్ని తీసిపారేస్తుంది.

నిగార్‌కు ఆకలి చచ్చిపోయింది. ఈ లెక్కలు నమ్మి మూడు ఊళ్ళలో వాననీటి కాలువలు అంతకే సరిపోయేలా కట్టేశారు.

"మా ఊళ్ళో అంతకంటే ఎక్కువ పడిన రోజులున్నాయండి. ఎవరు రాశారో గానీ..." అనిరుధ్ ఆమె ముఖం చూసి ఆగాడు. "పోనీ, నాణ్యత పరీక్షలో భాగం అని రాసేస్తానండి. ఎవరూ అడగరు లెండి."

టైపు చేశాడు. ఆ వాక్యం ఎంత శుభ్రంగా ఉందో చూసేసరికి ఆమెకు మరింత రోత పుట్టింది.

"తీసెయ్ అది. నేను చెప్పేది రాయ్. ఈ లైన్ రాసిన నాడు నాలుగు గంటలకు డెమో ఉండె. గ్రాఫ్‌ల పెద్ద వానల గీతలు పొడుచుకొచ్చి గలీజుగా కనబడ్డయ్. అందుకే తీసేసిన్రు. ఇంకేం కారణం లేదు."

అనిరుధ్ వేళ్ళు ఆగిపోయాయి. "మీకెలా తెలుసు మేడం?"

"తేదీ, రెండు వేల సంవత్సరం, మార్చి. ఆ లైన్ రాసినవాళ్ళ పేరు కాడ నాది పెట్టు," అంది నిగార్. "ఆ మూడు ఊళ్ళకు ఈ పేజీ ఈ రోజే పంపు."