సిలబస్‌లో లేని మాట

జాబిలికి జిల్లా ఫస్టు వచ్చి మూడు రోజులైంది. మూడు రోజులుగా పిల్ల సరిగా తినడం లేదు. తల్లి సహస్రకు కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింటికీ గడపకీ మధ్య తిరుగుతూనే ఉంది.

"ఏమైంది బిడ్డా? బళ్లె ఎవరన్న ఏమన్న అన్నరా?"

జాబిలి కళ్లద్దాల మీద ఎర్రగా ఒకటే వాక్యం వెలిగింది: 'సిలబస్‌లో లేదు.'

చెవిటి పిల్లలందరికీ ఇప్పుడు ఇస్తున్న కళ్లద్దాలే అవి. ఎదుటివాళ్ల మాటలు అద్దం మీద అక్షరాలై కనిపిస్తాయి. మార్కులు పెరగాలని నిరుడు పాఠం తప్ప మరే మాటా రాకుండా చేశారు. మార్కులు పెరిగాయి కూడా. నిద్రపోయేదాకా పెట్టుకునే ఉండాలి, తీస్తే హాజరు పోతుంది. అద్దాలు వచ్చాక తల్లీకూతుళ్ల చేతి సైగలు మూలబడ్డాయి.

సహస్ర రొట్టెల పీట విసురుగా పక్కకు నెట్టింది. కూతురి ఎదుట కూర్చుని, ప్రశ్నపత్రం చదివినట్టు గట్టిగా అంది:

"ఈ క్రింది ప్రశ్నకు సమాధానము వ్రాయుము. నీవు ఎందులకు భోజనము చేయుట లేదు?"

ఈసారి అద్దం మీద మాటలు వచ్చాయి. జాబిలి ఉలిక్కిపడింది. అలవాటుకొద్దీ పెన్ను తీసి, 'కారణములు: ఒకటి' అని రాసి ఆగిపోయింది.

సహస్ర ఇంకాస్త ముందుకు జరిగింది. "సొంత మాటలలో వ్రాయుము."

జాబిలి పెన్ను పడేసింది. అద్దాలు తీసి చాప మీద పెట్టింది. సైగలు మరిచిపోయిన చేతులతో తడుముకుంటూ అడిగింది:

"ర్యాంకు వచ్చిన నాడు నన్ను కావలించుకొని ఏమన్నవమ్మా?"