పద్నాలుగో స్టాపు

"మళ్లీ మింగేశారు!" డాక్టరు గదిలోనే భర్త మీద విరుచుకుపడింది ఆవిడ. "మిల్లు గేటు తర్వాత ఏంటి?"

"కాలేజీ," అన్నాడు రిటైరైన బస్సు డ్రైవరు.

"కాలేజీ మీ తలకాయ! మధ్యలో పాల డిపో ఏ గాలికి కొట్టుకుపోయింది?" చేతిలోని కాగితం డాక్టరు ముందు పెట్టింది. "చూడండి డాక్టరుగారూ. పదేళ్లు తోలిన రూటు, ఇరవై రెండు స్టాపులు. నెల్నుంచీ రోజూ ఒప్పజెప్పిస్తున్నా. రోజూ పద్నాలుగోదే ఎగ్గొడుతున్నారు."

"నేను చెప్పిన అలవాట్లన్నీ చేయిస్తున్నారా?"

"ఉప్పు తగ్గించాను. సిగరెట్లు మాన్పించాను. పొద్దున్నే గంటసేపు నడిపిస్తున్నా, పక్కన నేనూ నడుస్తున్నా. తొమ్మిదయ్యేసరికి టీవీ ఆపేస్తున్నా. ఇంకేం చెయ్యను? రేపు ఇంటిదారి మర్చిపోతే ఎక్కడని వెతకను?"

డ్రైవరు తల దించుకున్నాడు.

"మీరు కాసేపు బయట కూర్చోండమ్మా," అన్నాడు డాక్టరు.

తలుపు మూసుకుంది. డాక్టరు కాగితం మీద వేలు పెట్టాడు. "మతిమరుపైతే రోజుకో చోట తప్పాలి. మీరు నెలంతా ఒక్క చోటే తప్పారు. నిజం చెప్పండి."

డ్రైవరు ఆ కాగితాన్ని బోర్లా తిప్పాడు.

"ఆ రూటు తోలేటప్పుడు మా బాబుకి ఎనిమిదేళ్లు. బడి నుంచి నా బస్సులోనే వచ్చేవాడు. ఆ రోజు పాల డిపో దగ్గర దిగి, బస్సు ముందు నుంచే రోడ్డు దాటబోయాడు. చూసుకోకుండా బస్సు కదిలించేశాను. వాడు దక్కలేదు. మళ్లీ ఆ రూటు తోలలేదు. నలభై ఏళ్లుగా ఆ స్టాపు పేరు నేనెత్తను, తనూ ఎత్తదు. మరుపే అనుకోనీ అని ఊరుకున్నా."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

"నలభై ఏళ్లు ఎత్తని పేరు, ఆవిడ ఇప్పుడు రోజూ ఎలా ఎత్తగలుగుతున్నారు?"

డ్రైవరు గిరుక్కున తలుపు వైపు తిరిగాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది. ఆవిడ చంకలో గొడుగు, మొహంలో కంగారు.

"ఏవండీ, ఇక లేవండి! పాల డిపో దగ్గర బాబు దిగే వేళయింది. ఒక్కడే రోడ్డు దాటేస్తాడు!"