గాజు గొట్టంలో నాన్న

"అంత చల్లగానా? ఆయనకి చలి పడదే!" అంది అమ్మ, ల్యాబ్ బల్లమీద తెల్లటి పొగలు కక్కుతున్న ఫ్లాస్కు వైపు బెదురుగా చూస్తూ.

"ద్రవ నైట్రోజనమ్మా, మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీలు. నాన్న స్వెటర్‌ని వెచ్చబెడితే వాసన ఆవిరై లేస్తుంది. అందులో ముంచిన ఈ గొట్టంలోకి రాగానే చలికి గడ్డకట్టి ఆగిపోతుంది. ఇక ఎక్కడికీ పోదు."

"మీ నాన్న ఒక్క చోట కుదురుగా కూర్చున్న మనిషి కాదు. ఇప్పుడు కూర్చుంటారంటావా?"

కూతురికి నవ్వొచ్చింది. నాన్న పోయి పదకొండు నెలలు. ఆ నీలం స్వెటర్‌ను అమ్మ ఉతకనివ్వలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. లేస్తే ఒంటిమీద అదే, పడుకుంటే చెంప కింద అదే. వాసన ఎక్కడ పోతుందోనని కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. సీసాలో పట్టి దాచిపెట్టవే అని నెల రోజులుగా కూతురి ప్రాణం తోడేస్తోంది. వాసనల గుట్టు విప్పే ల్యాబ్‌లో పని చేస్తూ ఈమాత్రం చేయలేవా అని దెప్పుతోంది కూడా. చివరికి కూతురు పెద్ద సారును బతిమాలి, సెలవు రోజున యంత్రం వాడుకోడానికి ఒప్పించింది.

"మరి నా శాలువా ఎందుకే?"

"స్వెటర్‌కి నీ వాసన కూడా అంటుకుని ఉంటుంది కదా. నీది విడిగా చూసి అందులోంచి తీసేస్తే, మిగిలేది అచ్చంగా నాన్న. మా దగ్గర ఏ పనికైనా అదే పద్ధతి."

"తీసేయ్. నా వాసన నాకెందుకు?"

గాజు జాడీలో స్వెటర్ మెల్లగా వెచ్చబడింది. ఆవిరిలో ఏమాత్రం తేమ మిగిలినా మంచు పేరుకుని గొట్టం మూసుకుపోతుంది. మళ్లీ ప్రయత్నించడానికి ఇంకో స్వెటర్ లేదు. కూతురు ఊపిరి బిగపట్టింది. గొట్టం మూసుకుపోలేదు. పట్టిన దాంట్లో సగాన్ని వేలెడు గాజు గొట్టంలోకి మళ్లించి, మూతిని మంటమీద కరిగించి మూసేసింది. మిగతా సగం యంత్రానికి ఇచ్చింది. తెరమీద ఒక్కో పదార్థానికీ ఒక్కో గీత లేచింది. మొత్తం ముప్పై ఎనిమిది.

"అన్నీ ఆయనేనా?"

"ఆగమ్మా, నీ వంతు ఇంకా కాలేదు."

అమ్మ బయట బల్లమీద కూర్చుని కునుకు తీసింది. శాలువా పని ముగిసేసరికి మధ్యాహ్నం దాటింది. కూతురు రెండు ఫలితాలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసింది. మూడుసార్లు చూసింది. ముఖం కడుక్కుని వెళ్లి అమ్మను లేపింది.

"దొరికారా?"

"దొరికారమ్మా. ముప్పై ఎనిమిదీ ఆయనవే."

"నాదేం కలవలేదా?"

"ఒక్కటి కూడా లేదు."

"నే చెప్పలేదూ! ఎంత పదిలంగా చూసుకున్నాననుకున్నావు!" కూతురు చేతికిచ్చిన గాజు గొట్టాన్ని అమ్మ గుండెలకు అదుముకుని, పదకొండు నెలల్లో మొదటిసారి బావురుమంది. కూతురు ఆమెను పొదివి పట్టుకుని తనూ ఏడ్చింది.

"ఇంటికి పోదాం పదవే. ఆయనకి కొత్త చోటు, అలవాటు పడాలి," అని కళ్లు తుడుచుకుంటూ అమ్మ ముందు నడిచింది. కూతురు తెర ఆపేయడానికి వెనక్కి వెళ్లింది.

స్వెటర్లోంచి అమ్మను తీసేస్తే మిగిలింది సున్నా.