మగ్గం గుంత ఉన్న ఇల్లు

కొత్తవాడలో పదిహేను రూపాయలకు ఇల్లు దొరికిన కాలం నాటి ముచ్చట ఇది.

దొరికేది గానీ, మగ్గం వాళ్లకు దొరకడమే గగనం. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు దించి కూర్చుని నేయాలి. మంచి గచ్చును గుంత చేస్తామంటే ఏ ఇంటాయన ఒప్పుకుంటాడు?

సారయ్యకు మాత్రం ముందే గుంత తవ్వి ఉన్న ఇల్లు దొరికింది. ఇంటాయన షోలాపూర్‌లో ఉంటాడట. నెలనెలా కిరాయి తీసుకుపోయేది వెంకట్రాజం.

ఆ ఏడు వానలకు ముందు, చేతిసంచితో ఒక ముసలాయన గడపలో నిలబడ్డాడు.

“జరన్ని మంచినీళ్లియ్యి బిడ్డా.”

సారయ్య భార్య యాదవ్వ చెంబు అందించింది. ఆయన తాగుతూ కప్పు చూశాడు, గోడలు చూశాడు. గుంతలోకి వంగి మరీ చూశాడు.

“ఇల్లు సౌలత్‌గున్నదా?”

కిరాయికి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడనుకున్నాడు సారయ్య. హనుమకొండలో ఆఫీసుల వాళ్లు కూడా చవకని ఇటువైపు ఇళ్లు వెతుకుతున్న రోజులు. ఇంకొకరు ఇరవై ఇస్తానంటే తన మగ్గం రోడ్డున పడుతుంది.

“ఏం సౌలత్ కాకా? వానొస్తే ఇల్లంత కురుస్తది.”

ముసలాయన తలూపి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా వెంకట్రాజం బండెడు గూనపెంకలు తెచ్చి కప్పు బాగుచేయించాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సారయ్యకు అడగకుండానే కప్పు వచ్చింది.

మరుసటేడు మళ్లీ అదే సంచి, అదే గడప.

“ఇంక నీకు ఇల్లు దొర్కలేదా కాకా? ఇది మాత్రం వద్దు. గుంతల నీళ్లూరుతయి, తేళ్లు తిరుగుతయి.”

ఆ వానలు రాకముందే గుంతకు సిమెంటు పడింది. ముసలాయనకు దక్కని ఇంటిని తలుచుకుని సారయ్య లోలోపల నవ్వుకున్నాడు.

అలా ఎనిమిదేళ్లు. వాడలో కిరాయిలు అరవైకి ఎక్కాయి. సారయ్యకు పదిహేను పదిహేనే. భయం మాత్రం ఏటికేడు పెరిగింది.

ఎనభై నాలుగులో ముసలాయన రొప్పుతూ వచ్చాడు.

“జరసేపు మగ్గం మీద కూసుంట బిడ్డా.”

“ఇయ్యాల కూసుంటవ్, రేపు సామాన్ దించుతవ్. ఇంక రాకు కాకా.”

యాదవ్వను నీళ్లు కూడా ఇవ్వనివ్వలేదు. ముసలాయన గుంత వైపు ఒకసారి చూసి చెప్పులు తొడుక్కున్నాడు.

దసరా దాటాక వెంకట్రాజం వచ్చాడు.

“ఇంటాయన కాలం జేసిండు సారయ్యా. కొడుకు గుంత పూడ్పిచ్చి గచ్చు చేపిస్తడట. కిరాయి అరవై అయిదట.”

గుంతలో సారయ్య కాళ్లు ఆగిపోయాయి. ఎనిమిదేళ్లు నీడనిచ్చిన మనిషి మీద ఒక్కసారిగా బెంగ పుట్టుకొచ్చింది.

“ఒక్కపారన్న మొఖం సూడకపోతి గదనే.”

“సూడకపోవుడేంది? ఏటేటా వానలకు ముందు సంచి పట్టుకొని వస్తుండె గద. ఈ గుంత ఆయన తవ్విందే, ఈడ నేసే పెరిగిండు. మగ్గమోళ్లకు తప్ప ఇయ్యద్దు, పదిహేను దాటద్దనేటోడు.”



“మరి... చెప్పకపాయె?”

“ఇంటాయన నేనేనని చెప్తే నువ్వు మగ్గం ఆపి లేచి నిలవడ్తవట.” వెంకట్రాజం కండువాతో కళ్లొత్తుకున్నాడు. “నీ కాడికెళ్లి సక్కగ నా తానికొచ్చి ఏమేం రిపేర్లున్నయో చెప్తుండె. ఆఖరుపారి మాత్రం, ‘ఈ యేడు సారయ్య ఏం చెప్పలేదు రాజం, ఇల్లు మంచిగనే ఉన్నట్టున్నది’ అని సంబురపడుకుంట పోయిండు.”