పక్కన నిలబడ్డ మనిషి

నందిగామ బస్టాండు మూత్రశాలలో, పక్కన నిలబడ్డ పెద్దాయన తల తిప్పి కిందికి చూశాడు.

భవానీప్రసాద్‌కు ఒళ్లు మండింది. "ఏవయ్యా, సిగ్గులేదూ?"

"ఎర్రగా వస్తోంది బాబూ. చూసుకున్నారా?"

"వేడి చేసింది. నీకెందుకు?"

"మంట ఉందాండి?"

"లేదు."

"అదేనండీ నా భయం. వేడైతే మండాలి. ఇది రెండ్రోజుల్లో దానంతటదే ఆగిపోద్ది. ఆగింది కదాని నమ్మకండి. బెజవాడ వెళ్లి చూపించుకోండి."

"ఈ వయసులో ఇదేం పాడుబుద్ధి!"

గుమ్మం దగ్గర జనం నవ్వారు. "మళ్లీ మొదలెట్టాడ్రా ముసలాయన," అన్నాడో కండక్టరు.

పెద్దాయన చొక్కా అంచు కిందికి లాక్కుని వెళ్లిపోయాడు.

పొగను చూసి నిప్పును ఊహించమని కాలేజీలో లాజిక్ చెప్పే భవానీప్రసాద్, నెత్తురును చూసి వేడనుకున్నాడు.

జగ్గయ్యపేటలో ఇంటికి చేరాక భార్య పుష్పవతి బార్లీ నీళ్లు కాచి ఇచ్చింది. రెండు రోజులకు ఎరుపు పోయింది.

"చూశావా, వేడే," అన్నాడు.

కానీ పెద్దాయన మాట వదలలేదు. ఆగింది కదాని నమ్మకండి.

మరుసటి వారం బెజవాడ వెళ్లాడు. డాక్టరు మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి, తెరమీద చూపించాడు. నీటిలో నాచులా కదులుతున్న కణితి.

"క్యాన్సరే. కానీ మొదట్లోనే వచ్చారు. పొట్ట కోయకుండా ఇదే దారిన తీసేస్తాం. తరవాత క్షయకు వేసే టీకా మందునే వారం వారం లోపలికి పంపుతాం. మళ్లీ రాకుండా అది కాపలా."

"ఆలస్యమై ఉంటే?"

"మూత్రాశయమే తీసేసేవాళ్లం. పొట్టకి చిల్లు, దానికో సంచి. ఇక బతికినన్నాళ్లూ అంతే."

ఆ తరవాత మూడు నెలలకోసారి పరీక్ష. "శుభ్రంగా ఉంది" అన్న ప్రతిసారీ, ఇంటికంటే ముందు ఆ పెద్దాయనకు చెప్పాలనిపించేది. తిరుగు ప్రయాణంలో పరిటాల దగ్గర ఎవరో నెరిసిన తలతో ఎక్కితే సీట్లోంచి లేచేవాడు. ఆయన కాదు.

పేరు తెలియదు. ఊరు తెలియదు. ఎవరినైనా అడుగుదామంటే, తాను తిట్టిన తిట్టు తప్ప వేరే ఆనవాలు లేదు.

రెండేళ్లకు, నందిగామ బస్టాండు మూత్రశాల కడిగే బసవమ్మ దగ్గర నోరు పెగిలింది.

"ఇక్కడ... పక్కవాళ్లకేసి చూసే పెద్దాయన..."

"ప్రేమదాసు గారాండి? వత్సవాయి ఊరాయన. కాలం చేసి ఏడాది దాటిందండి."

భవానీప్రసాద్ మూత్రశాల గోడకేసి చూశాడు.

"ఎన్ని తిట్లు తిన్నారో సారూ! ఓసారి ఎవడో తోసేస్తే నేనే లేపా. అప్పుడు చూశా, చొక్కా కింద సంచి."

"సంచా?"

"పొట్టకండి. లోపల మూత్రం తిత్తి ఎప్పుడో తీసేశారంట. సంచి ఇంట్లోనే ఖాళీ చేసుకుని వచ్చేవోరు."

ఆ గోడ దగ్గర ప్రేమదాసు ఏనాడూ తన కోసం నిలబడలేదు.