ముట్టుకోకూడని అద్దం

చెల్లీ, ప్రార్థనకు కూర్చుంటే నోరు పెగలడం లేదు. అందుకే ఎన్నడూ లేనిది కలం పట్టాను.

నేను ఊడ్చే ప్రయోగశాలలో తెల్లరంగు పూసిన అద్దం ఒకటుంది. దాని గుండా వెలుగు వేస్తే అవతలి గోడ మీద చెల్లాచెదురైపోతుంది. వెయ్యి బుల్లి అద్దాలను అటూ ఇటూ తిప్పి, ఆ వెలుగును ఒక్క చుక్కగా కూడగట్టాలని మా సారు ఆరేళ్లుగా తంటాలు పడుతున్నారు.

"వెంట్రుకవాసి కదిలినా మళ్లీ మొదటికొస్తుంది. ముట్టుకోకమ్మా" అనేవారు.

నిన్న అధికారులు వచ్చారు. చుక్క పడకపోతే గదికి తాళం, సారు ఇంటికి.

వాళ్లు రాకముందే, పొద్దున్నే సారు నా చేతికి కొత్త గుడ్డ ఇచ్చి, "గదిలో మరకన్నది కనబడకూడదు" అన్నారు. కంగారులో ఆ అద్దం కూడా రంగంతా పోయేలా తోమేశాను.

సారు బుల్లి అద్దాల జోలికి పోకుండానే వెలుగు వేశారు. గోడ మీద ఒక్కటే చుక్క!

"అరటిపండు ఒలిచి చేతిలో పెట్టారయ్యా!" అంటూ పెద్ద అధికారి చప్పట్లు కొట్టి, గదికి మరో అయిదేళ్లు ఆయుష్షు పోశాడు.

వాళ్లు వెళ్లాక ఏడుస్తూ నా తప్పు చెప్పేశాను.

"ఊరుకోమ్మా. ఆరేళ్లు ముట్టుకోవద్దన్నవాణ్ణి, ఇవాళ గుడ్డ ఎందుకిచ్చాననుకున్నావు? వచ్చే నెల మంత్రిగారొస్తారు. అద్దానికి మళ్లీ రంగు పూస్తాను, నువ్వు ఆ గుడ్డ ఉతికి ఉంచు."

ఉతికి ఆరేశాను చెల్లీ. ఈ కార్డు దాచు, ఎవరికీ చూపకు.