ఒక్క చలికాలం తక్కువ

కేకు కోయకముందే కబురొచ్చింది.

ఆ కేకు మీద "ఫోర్‌మన్ టాడ్" అని క్రీముతో రాయించి తెచ్చింది గ్యారేజీ వాళ్ళే. కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీల గ్యారేజీ అది. పాత ఫోర్‌మన్ రిటైరయ్యాడు. ఆ కుర్చీ టాడ్‌దేనని అందరూ ఖాయం చేసేసుకున్నారు.

తీరా చూస్తే కౌంటీ బోర్డు పంపిన లిస్టులో మొదటి పేరు లొరెయిన్ బుద్రోది. టాడ్‌ది రెండోది.

"ఎవరీవిడ?" అన్నాడు టాడ్ మొహం మాడ్చుకుని.

"సరస్సు అవతలి గ్యారేజీలో డ్రైవరు. నీకంటే చాలా సీనియరు. మంచి మనిషిరా," అన్నాడు యూనియన్ నాయకుడు గస్.

"మంచితనానికి ఉద్యోగాలిస్తే మా అమ్మ ఈపాటికి గవర్నరై ఉండేది!"

అందరూ నవ్వారు. గస్ నవ్వలేదు.

చేతిదాకా వచ్చింది నోటిదాకా రాకపోతే ఊరుకునే రకమా టాడ్? నోటిఫికేషన్ అక్షరం అక్షరం చదివాడు. ఇన్‌చార్జి ఫోర్‌మన్‌గానైనా రెండేళ్ళు చేసి ఉండాలని అందులో ఉంది.

టాడ్‌కి రెండేళ్ళు నిండాయి. లొరెయిన్‌కి ఒక్క చలికాలం తక్కువ. కొత్త డ్రైవర్లకు ఆవిడ పని నేర్పిన కాలాన్ని కూడా కలిపి బోర్డు ఆ లోటు పూడ్చింది.

ఆఫీసులో ఆరా తీస్తే ఇంకో సంగతి కూడా దొరికింది. టాడ్ మర్నాడే అభ్యంతరం పెట్టాడు.

విచారణ రోజునే లొరెయిన్‌ను మొదటిసారి చూశాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. నడుముకు పట్టీ. లేవాలంటే కుర్చీ చేతులు పట్టుకోవాల్సి వస్తోంది.

"మీరు చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని అడిగాడు బోర్డు చైర్మన్.

"లారీ ఎక్కితే ఈ నడుము ఇక ఊరుకోదండీ. డాక్టరు వద్దనేశాడు. ఈ కుర్చీ ఇస్తే ఇంకో నాలుగేళ్ళు చేస్తాను. లేదంటే ఇంటికే."

టాడ్ ఆ పట్టీ వైపు ఒకసారి చూశాడు. అయినా లేచాడు.

"పని నేర్పడం వేరు, బాధ్యత మొయ్యడం వేరండీ. మా ఫోర్‌మన్‌కి గుండె ఆపరేషనైన ఏడాది చలికాలమంతటికీ ఒక ఇన్‌చార్జి కావాల్సి వచ్చింది. సీనియారిటీ ప్రకారం ముందు ఈవిడనే అడిగారు. వద్దంది. అందుకే నాకొచ్చింది. అప్పుడు బాధ్యతంటే భయపడ్డ మనిషికి ఇప్పుడు కుర్చీ ఎందుకు?"

"నిజమేనా?" అన్నాడు చైర్మన్.

ఆవిడ పక్కన కూర్చున్న గస్ ఏదో అనబోయాడు. లొరెయిన్ అతని చెయ్యి నొక్కింది.

"నిజమే. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

"అప్పుడు వీలు పడలేదు. అంతే."

బోర్డు పని నేర్పిన కాలాన్ని లెక్కలోంచి తీసేసింది. పోస్టు టాడ్‌కి వెళ్ళింది.

బయట మెట్ల దగ్గర ఆవిడే పలకరించింది. తిడుతుందేమోనని టాడ్ బిగుసుకుపోయాడు.

"లారీల వాళ్ళని మరీ ఎక్కువసేపు తిప్పకు బాబూ. నిద్ర చాలకపోతే కళ్ళు మోసం చేస్తాయి."

"సరేనండీ."

"పాప బాగుందా?"

"బాగుంది. ఈ ఏడే బళ్ళో వేశాం."

"పోనీలే. అంతే కావాలి," అని రెయిలింగు పట్టుకుని మెల్లగా దిగిపోయింది.

పాప సంగతి ఈవిడకెలా తెలుసు? చిన్న కౌంటీ, ఎవరింట్లో ఏం ఉడికినా అందరికీ తెలుస్తుందిలే అనుకున్నాడు. కానీ గెలిచిన సంతోషం ఇంటిదాకా కూడా రాలేదు. 'భయపడ్డ మనిషి' అన్న ఆ మాట అనకుండా ఉండాల్సిందని భార్యతో అన్నాడు కూడా.

ఆకులు రాలేలోపే లొరెయిన్ రిటైరైంది. ఇల్లమ్మేసి అరిజోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయిందన్నారు.

తొలి మంచు పడిన రోజు మధ్యాహ్నం ఒక డ్రైవరు లారీ తాళాలు తీసుకోకుండా నిలబడ్డాడు.

"ఏమైందిరా?" అన్నాడు టాడ్.

"మా ఆవిడకి నెలలు నిండాయి. నా రూటంతా అడవే. సిగ్నలుండదు."

"ముందే చెప్పొద్దూ! నువ్వెక్కడికీ వెళ్ళకు. ఈ ఫోన్ల దగ్గర కూర్చో. నీ లారీ నేను తీస్తా."

వాడు కళ్ళతోనే దణ్ణం పెట్టాడు. టాడ్ కోటు తగిలించుకుంటూ, పక్కనే కాఫీ తాగుతున్న గస్‌తో అన్నాడు.

"మా పాప నెలలు నిండకుండా పుట్టి, ఆ చలికాలమంతా డులూత్ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలోనే ఉంది. గుర్తుందా? రెండుసార్లు చెయ్యి దాటిపోబోయింది. నేను లారీలో ఉండుంటే వాళ్ళ ఫోన్ నాకు అందేదే కాదు. ఇన్‌చార్జిగా ఇక్కడ కూర్చోబట్టి రెండుసార్లూ టైముకి వెళ్ళగలిగాను. నా అదృష్టం!"

గస్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"అదృష్టం కాదురా. లొరెయిన్‌కి నేనేసిన ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను, విను. ఆ ఇన్‌చార్జి పోస్టుకి ముందు లొరెయిన్ సరేనంది. మర్నాడు వచ్చి చేరాలి. మాటల్లో నీ పాప సంగతి నేను చెప్పాను."

టాడ్ చెయ్యి కోటు గుండీ మీద ఆగిపోయింది.

"అయితే?"

"అయితే 'ఆ కుర్రాణ్ణి ఫోన్ పక్కన కూర్చోబెట్టండి, నేను లారీలోనే ఉంటాను' అని, అప్పటికే నొప్పి పెడుతున్న నడుముకి పట్టీ బిగించుకుని, ఆ చలికాలమంతా లారీ నడిపింది."